కప్పు ఎక్కడికి పంపారు?

ఔలు ఊళ్ళో నవంబరంటే
మూడింటికే దీపాలు పెట్టుకోవడం.
ఆ చీకట్లో నా ఉద్యోగం ఉత్తరాలు చదవడం.
మాది పక్షపత్రిక. కొత్త ఫోన్లు, ఆటలు,
సముద్రం అడుగున తెగిన ఇంటర్నెట్ తీగలు
అన్నీ ముందు పేజీల్లో ఉంటాయి.
జనం మాత్రం వెనకనుంచి తెరుస్తారు.
పాఠకుల పేజీ అక్కడుంది.

మంచి ఉత్తరానికి ఓ పింగాణీ కప్పు బహుమతి,
దాని మీద పత్రిక పేరు.
నాలుగు కడుగుళ్ళకు పేరు పోతుంది,
కప్పు మిగుల్తుంది.

ఎన్సియో గారింట్లో అలాంటివి పదకొండు.
మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు.
కవరు కొనడు, కార్డు మీదే రాస్తాడు,
మూలన కాఫీ మరక ఆయన సంతకం.
ఆరేళ్ళుగా వస్తోంది, వస్తోందన్న ఆట గురించి
"ఆలు లేదు చూలు లేదు,
నాలుగో ట్రైలరుకు నామకరణం" అన్నాడు.
ఫ్రిజ్జుకు ఇంటర్నెట్ పెట్టారంటే
"మాకు ఆర్నెల్లు వాకిలే ఫ్రిజ్జు.
పాస్‌వర్డ్ అడగదు" అన్నాడు.
మడతపెట్టే ఫోను వచ్చినప్పుడు
"దుప్పటి మడత నేర్చుకోడానికే
నలభై ఏళ్ళు పట్టింది, వదిలేయండి."

లెక్కల టీచరు తూలిక్కి నాలుగు పేజీలు రాసింది,
ఫలానా ఆటలో డ్రాగనుకు రెక్కలు చాలవని,
ఆ బరువుకు అది ఎగరదని,
మహా అయితే కోడిలా గోడెక్కుతుందని.
కింద లెక్క కూడా వేసి చూపించింది.
సరిచూశాను. కోడే.

పదకొండేళ్ళ వేతి రాశాడు:
"మధ్యలో ఆపితే ఆగే ఆట కాదిది, ఆన్‌లైన్.
మీరు అచ్చు వేస్తే మా అమ్మ నమ్ముతుంది."
వేశాను.
తర్వాతి సంచికకు వాళ్ళమ్మ రాసింది:
"నమ్మాను. రూటరు పీకేశాను."
ఆ పక్షం కప్పు ఎవరికివ్వాలో తేలక
ఇద్దరికీ కలిపి ఒకటే పంపాను,
కొట్టుకోండని.

మొన్న వేసవిలో ఉత్తరాలు తగ్గాయి.
అందరూ చెరువుగట్టు కుటీరాలకు వెళ్ళారు,
దోమలతో తప్ప ఎవరితోనూ వాదన లేదు.
పేజీలో జానెడు ఖాళీ.
యజమాని సకారి రెండు రోజులు చూసి
ఎక్కణ్ణుంచో ఓ ఉత్తరం తెచ్చిచ్చాడు.
పోరి నుంచి ఒక పాఠకురాలట:
"నా వాషింగ్ మెషీనుకు అప్‌డేట్ వచ్చింది.
ఇన్నాళ్ళూ మింగిన సాక్సుల గురించి
క్షమాపణ చెప్పింది. సాక్సులివ్వలేదు."
నవ్వాను, అబద్ధమెందుకు?
కప్పు ఆవిడకే అన్నాను.
అడ్రసడిగితే సకారి
తన బూట్లకేసి చూశాడు.

యంత్రం రాసిందట. అర నిమిషంలో.
ఇంకో ముప్ఫై కూడా ఇచ్చిందట, ఏరుకోమని.

కప్పు నా బల్ల మీదే ఉండిపోయింది.
ముందు పెన్నులు వేశాను.
తర్వాత ఓ పొద్దున నా కప్పు పగిలితే
పెన్నులు తీసేశాను.

సెప్టెంబరులో కార్డు వచ్చింది, మరకతో సహా:
"పోరి ఆవిడ జోకు బాగుంది.
అచ్చుతప్పు లేదు, కొట్టివేత లేదు,
ఎవరి మీదా కోపమూ లేదు.
నేను చూసినంతలో
ఎవడో కాలు తొక్కితేనే మనిషి జోకేస్తాడు.
ఆవిణ్ణి ఎవరు తొక్కారు?
కప్పు ఎక్కడికి పంపారు?
ఎన్సియో."

ప్రతి ఉత్తరం కిందా ఒక వాక్యం జవాబు రాయడం
నా వాడుక.
ఈసారి రాశాను:
"ఎక్కడికీ పంపలేదు. రాసింది యంత్రం.
దాంట్లో నేను కాఫీ తాగుతున్నాను."
సకారి కొట్టేశాడు. నేను మళ్ళీ పెట్టాను.
మళ్ళీ కొట్టేశాడు.
ప్రెస్సువాడు ఫోన్ చేసేసరికి
వాక్యం ఉన్న వంతు నడుస్తోంది.
అలాగే అచ్చయింది.

ఆ పక్షం నలభై మూడు ఉత్తరాలు,
సగం నన్ను తిడుతూ.
తూలిక్కి యంత్రం జోకుల సగటు తీసింది.
వేతి తనకూ ఓ యంత్రం కావాలన్నాడు,
అమ్మకు జవాబులు రాయడానికి.

అన్నిటికన్నా అడుగున ఎన్సియో కార్డు:
"పన్నెండోది నాకొద్దు, మీరే ఉంచుకోండి.
కడగండి.
నాలుగుసార్లు."